ఛార్టర్ స్కూలు ఫ్రీయే, మరి మన ప్రాపర్టీ టాక్స్ ఎటు పోతోంది?

జనవరి వచ్చిందంటే డల్లస్ శివార్లలో మా ప్లేనో, ఫ్రిస్కో వైపు వాట్సాప్ గ్రూపుల్లో సంక్రాంతి ముగ్గుల ఫొటోల మధ్య ఒక ప్రశ్న తిరగడం మొదలవుతుంది. "అన్నా, ఛార్టర్ లాటరీకి అప్లై చేశారా? లాస్ట్ డేట్ ఎప్పుడు?" ఇక జవాబులే జవాబులు. ఒక స్కూల్లో మ్యాథ్ రెండు గ్రేడులు ముందు నడుస్తుందట, ఇంకోచోట లాటిన్ చెబుతారట, యూనిఫాం ఉంటుందట (యూనిఫాం అనగానే మనవాళ్ళకి ఎందుకో ప్రాణం లేచొస్తుంది), పైగా ఫీజు లేదట. ఫీజు లేని మాట నిజమే. కానీ ఆ స్కూలు నడవడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, అది రావడానికి ఇంకెక్కడ తగ్గుతోంది అని అడిగితే మాత్రం గ్రూపు మొత్తం సైలెంట్. అక్కడ రాస్తే ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. ఇదంతా టెక్సస్ గురించి. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్నవాళ్ళకి లెక్కలు వేరు, రాష్ట్రానికొక చట్టం.

ముందు అసలు ఈ ఛార్టర్ అంటే ఏమిటో తేల్చుకుందాం, ఎందుకంటే సగం మంది దీన్ని ప్రైవేట్ స్కూలనుకుంటారు, మిగతా సగం మామూలు పబ్లిక్ స్కూలనుకుంటారు. ఆంధ్రలో చదువుకున్నవాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే మన ఎయిడెడ్ స్కూళ్ళకి దగ్గరగా ఉంటుంది. జీతాల డబ్బు ప్రభుత్వానిది, నడిపేది ఒక ట్రస్టో సొసైటీయో. 2021లో ఏపీలో ఎయిడెడ్ విద్యాసంస్థల్ని ప్రభుత్వానికి అప్పగించమన్నప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కారు, చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గి మేనేజ్‌మెంట్లకి వేరే ఆప్షన్లు ఇవ్వాల్సి వచ్చింది, గుర్తుందా? డబ్బు ఒకరిది, నిర్వహణ ఇంకొకరిది అయినప్పుడు ఈ పేచీ ఎక్కడైనా వస్తుంది.

అమెరికాలో మొదటి ఛార్టర్ చట్టం 1991లో మిన్నెసోటాలో వచ్చింది. దానికి మూడేళ్ళ ముందు ఆ ఆలోచనని దేశమంతా ప్రచారం చేసింది ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు, టీచర్ల యూనియన్ నాయకుడు ఆల్బర్ట్ షాంకర్. టీచర్లు కొత్త పద్ధతులు ప్రయత్నించి చూసుకోవడానికి చిన్న చిన్న స్కూళ్ళు ఉండాలన్నది ఆయన ఉద్దేశం. తర్వాత అది వేరే దారి పట్టిందని ఆయనే దానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. టెక్సస్‌లో చట్టం 1995లో వచ్చింది. ఇప్పుడు రాష్ట్రంలో 4 లక్షల మందికి పైగా పిల్లలు ఛార్టర్లలో చదువుతున్నారు. అడ్మిషన్‌కి ఎంట్రన్స్ టెస్టు పెట్టకూడదు, సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే మామూలుగా లాటరీ తీస్తారు, ట్యూషన్ ఫీజు వసూలు చేయకూడదు. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు డబ్బు సంగతికొద్దాం. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మనం ఇక్కడ ఇల్లు కొనుక్కున్నప్పటినుంచీ దీనికి కడుతూనే ఉన్నాం, ఎస్క్రోలో (ఇంటి లోన్ వాయిదాతో కలిపి బ్యాంకే వసూలు చేసి కట్టేస్తుంది) పోతుంది కాబట్టి కనబడదు అంతే.

మీ ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి చూడండి. సిటీ, కౌంటీ, కమ్యూనిటీ కాలేజీ, అన్నిటికంటే పెద్ద లైను ఐఎస్‌డీ, అంటే మన ఏరియా పబ్లిక్ స్కూళ్ళు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్. అందులో మళ్ళీ రెండు ముక్కలు. ఒకటి నిర్వహణ కోసం, అంటే టీచర్ల జీతాలు, బస్సులు, కరెంటు వగైరా. రెండోది భవనాల కోసం తెచ్చిన బాండ్ల అప్పు తీర్చడానికి. రాష్ట్రం ఏం చేస్తుందంటే, ఒక్కో డిస్ట్రిక్ట్‌కి ఇంతమంది పిల్లలున్నారు, వీళ్ళలో ఇంతమంది పేదవాళ్ళు, ఇంతమందికి ఇంగ్లిష్ రాదు, ఇంతమందికి స్పెషల్ ఎడ్యుకేషన్ కావాలి అని లెక్కగట్టి, మీకు మొత్తం ఇంత రావాలి అని ఒక అంకె తేలుస్తుంది. ఆ లెక్కకి పునాది తలకి 6,160 డాలర్లు. 2019నుంచి 2025దాకా ఆ అంకె కదల్లేదు, మధ్యలో ధరలు ఎంత పెరిగాయో కాస్ట్‌కోకి వెళ్ళే ప్రతివాడికీ తెలుసు. 2025లో చట్టసభ 850 కోట్ల డాలర్ల ప్యాకేజీ అని గొప్పగా ప్రకటించింది, అందులో టీచర్ల జీతాలకి బాగానే ఇచ్చారు, ఒప్పుకోవాలి, కానీ ఈ పునాది అంకెకి కలిపింది 55 డాలర్లు.

మీ డిస్ట్రిక్ట్‌కి రావాల్సిన మొత్తం కంటే స్థానికంగా వసూలైన పన్ను తక్కువైతే మిగతాది రాష్ట్రం ఇస్తుంది. ఎక్కువైతే? ఎక్కువైంది రాష్ట్రం తీసేసుకుంటుంది. దీన్నే రీకాప్చర్ అంటారు, జనం రాబిన్ హుడ్ అని కూడా అంటారు. ప్లేనో, కొపెల్, ఆస్టిన్ ఇవన్నీ కట్టే జాబితాలోనివే, ఆస్టిన్ అయితే అందరికంటే ఎక్కువ కడుతోంది.

రీకాప్చర్ని తిట్టుకోవడం మా సబర్బుల్లో అలవాటు, నాకు మాత్రం దాని వెనక ఉన్న కథ అంటే గౌరవం. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్ ఉంది, ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్లు. 1968లో అక్కడి హైస్కూలు పిల్లలు విరిగిన కిటికీలు, సరైన అర్హత లేని టీచర్లు అంటూ క్లాసులు వదిలి బయటికి నడిచారు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, ఇంకొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. వాళ్ళ గోడు ఏమిటంటే, మేము పక్కనున్న డబ్బున్న డిస్ట్రిక్ట్ కంటే ఎక్కువ రేటుకి పన్ను కడుతున్నా ఇళ్ళ విలువ తక్కువ కాబట్టి మా స్కూళ్ళకి వచ్చేది అందులో కొంతే. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ళకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, చదువు అనేది అమెరికా రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది. ఆ తర్వాత పోరాటం టెక్సస్ కోర్టులకి మారింది, 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ పద్ధతి చెల్లదని ఏకగ్రీవంగా చెప్పింది, 1993లో రీకాప్చర్ వచ్చింది. ఇరవై ఐదేళ్ళు! కాబట్టి "మన డబ్బు వాళ్ళకెందుకు" అనే ముందు ఆ తండ్రి కట్టిన పన్ను రేటు ఒకసారి గుర్తు చేసుకోవాలి.

సరే, ఛార్టర్ దీంట్లోకి ఎక్కడ వస్తుంది? ఛార్టర్‌కి పన్ను వేసే అధికారం లేదు. దానికి స్థానిక పన్ను నేరుగా రాదు, మొత్తం రాష్ట్రమే ఇస్తుంది, రాష్ట్ర సగటుల్ని బట్టి. అందుకే "ఛార్టర్‌కి మీ ప్రాపర్టీ టాక్స్ ఒక్క డాలరు కూడా వెళ్ళదు" అని వాళ్ళ బ్రోచర్లలో చెబుతారు. కాగితం మీద అబద్ధం కాదు. కానీ ప్లేనోలో ఒక పిల్లాడు ఐఎస్‌డీ వదిలి ఛార్టర్‌కి వెళ్ళాడనుకోండి. ప్లేనోకి "రావాల్సిన మొత్తం" అనే అంకె ఆ మేరకు తగ్గింది. పన్ను వసూలు మాత్రం అంతే ఉంది, ఇళ్ళు ఎక్కడికీ పోలేదు, రేటూ మారలేదు. అంటే ఇప్పుడు "ఎక్కువైంది" అనే ఖాతా పెరిగింది, అది రీకాప్చర్ కింద రాష్ట్ర ఖజానాకి వెళ్తుంది. అక్కడినుంచి రాష్ట్రం ఛార్టర్‌కి చెక్కు రాస్తుంది. మీ బిల్లులో ఒక్క సెంటు తగ్గలేదు. మీ వీధి చివర స్కూలుకి మాత్రం తగ్గింది. నేరుగా వెళ్ళలేదంటే వెళ్ళలేదు, చుట్టు తిరిగి వెళ్ళింది.

పిల్లాడితోపాటు ఖర్చు కూడా పోయింది కదా అని అడుగుతారు. పోదు. ఆర్టీసీ బస్సులో నలుగురు దిగిపోయినంత మాత్రాన డీజిల్ తక్కువ తాగదు. ఒక స్కూలు నుంచి వెళ్ళే పిల్లలు ఒకే క్లాసునుంచి గుంపుగా వెళ్ళరు, రెండో తరగతిలో ఇద్దరు, నాలుగులో ఒకరు అలా వెళ్తారు. టీచరుని తగ్గించలేరు, ప్రిన్సిపాల్‌ని తగ్గించలేరు, ఏసీ ఆపలేరు. తగ్గించగలిగేవి ఏమిటంటే ఆర్ట్, ఆర్కెస్ట్రా, లైబ్రేరియన్, కౌన్సెలర్. ఇంకా మిగిలితే మొత్తం స్కూలే మూసేయడం.

ప్లేనోలో జరిగిందదే. 2024 జూన్‌లో బోర్డు రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్ స్కూళ్ళు మూసేయాలని ఓటేసింది, 2025 వేసవితో అవి మూతపడ్డాయి. కొపెల్ కూడా పింకర్టన్ ఎలిమెంటరీని మూసేసింది. ఇక్కడ న్యాయంగా ఉండాలి, ఇదంతా ఛార్టర్ల వల్లేనని నేను అనను, అంటే అది తప్పు. ప్లేనోలో 2011-12లో 55 వేల పైచిలుకు పిల్లలుండేవారు, పుష్కరం తిరిగేసరికి 48 వేల దగ్గరికొచ్చారు. కారణాల్లో పెద్దది ఇళ్ళ ధరలే. పిల్లలు పెరిగి వెళ్ళిపోయిన పెద్దవాళ్ళు తక్కువ వడ్డీ లోన్ వదులుకుని ఇల్లు అమ్మరు, చిన్నపిల్లలున్నవాళ్ళు ఆ ధరకి కొనలేక ఇంకా ఉత్తరాన ఉన్న ప్రాస్పర్‌కో సెలైనాకో పోతారు. కాన్పులూ తగ్గాయి. ఛార్టర్ అనేది దీని మీద ఇంకొక పొర. కాకపోతే మిగతావి ఎవరి చేతుల్లోనూ లేవు, ఛార్టర్ క్యాంపస్ ఎక్కడ తెరవాలనేది మాత్రం ఒకరు కూర్చుని తీసుకునే నిర్ణయం.

ఎవరు తీసుకుంటారు ఆ నిర్ణయం? నాకు మండేది ఇక్కడే. కొత్త ఛార్టర్ సంస్థ రావాలంటే రాష్ట్ర ఎడ్యుకేషన్ కమిషనర్ ప్రతిపాదిస్తాడు, ఎన్నికైన స్టేట్ బోర్డు వద్దనొచ్చు. అలా ఇచ్చే ఛార్టర్ల సంఖ్యకి 305 అని పరిమితి కూడా ఉంది. కానీ ఇప్పటికే ఛార్టర్ ఉన్న సంస్థ ఇంకో క్యాంపస్ తెరవాలంటే కమిషనర్ ఒక్కడి సంతకం చాలు, పరిమితిలో అది లెక్కకి రాదు. కమిషనర్‌ని నియమించేది గవర్నర్. మన ఐఎస్‌డీకి ఒక నోటీసు వస్తుంది, అభిప్రాయం రాసి పంపొచ్చు, అంతే, ఆపే అధికారం లేదు. సిటీ కౌన్సిల్ జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చనే రూల్సు) పేరుతో అడ్డం పడొచ్చు కదా అంటే, 2023లో ఛార్టర్లని కూడా ఐఎస్‌డీలతో సమానంగానే చూడాలని చట్టం చేసి ఆ దారీ ఇరుకు చేశారు. ఆ చట్టం సిద్ధాంతంగా తప్పని నేననుకోను, స్కూలుకి పర్మిట్ ఇవ్వకుండా ఏడిపించడం కూడా రాజకీయమే. కానీ చాలా ఛార్టర్లకి బస్సులు ఉండవు, ఉదయం ఏడున్నరకి రోడ్డు మీద అరమైలు కార్ల లైను నిలబడ్డప్పుడు ఆ వీధివాళ్ళు వెళ్ళి మొరపెట్టుకునేది మాత్రం సిటీ కౌన్సిల్‌కే.

ఐఎస్‌డీ బోర్డు మెంబర్లని మనం ఎన్నుకుంటాం. ప్లేనోలో ఏడుగురు, జీతం లేని పని. ఛార్టర్ బోర్డుని ఎవరూ ఎన్నుకోరు, వాళ్ళే ఒకర్నొకరు వేసుకుంటారు. మీటింగు చట్టప్రకారం బహిరంగంగానే జరగాలి, వెళ్ళొచ్చు, కాకపోతే సంస్థ హెడ్డాఫీసు హ్యూస్టన్‌లోనో, ఎక్కడో మెక్సికో సరిహద్దున రియో గ్రాండ్ వాలీలోనో ఉండొచ్చు. ఐడియా అనే పెద్ద ఛార్టర్ సంస్థ 2019 చివర్లో ఏడాదికి దాదాపు 20 లక్షల డాలర్లకి ప్రైవేట్ జెట్ లీజుకి తీసుకోబోయింది, బయట గొడవయ్యాక మానుకుంది. 2024లో రాష్ట్రం దాని మీద కన్సర్వేటర్లని, అంటే పర్యవేక్షకుల్ని, పెట్టింది. అలాగని ఎన్నికైన బోర్డులు పతివ్రతలేం కావు. ఒక్క హైస్కూలు ఏళ్ళ తరబడి ఫెయిలైతే పట్టించుకోని బోర్డు వల్లే 2023లో హ్యూస్టన్ ఐఎస్‌డీ మొత్తం రాష్ట్రం చేతుల్లోకి పోయింది, ఎన్నికైన బోర్డుని పక్కనపెట్టి కమిషనర్ వేసినవాళ్ళు నడుపుతున్నారు. ఫోర్ట్‌వర్త్ మీద కూడా 2025లో అదే ప్రకటన వచ్చింది. అంటే అక్కడా ఓటు హక్కు గాలికే పోయింది.

మనవాళ్ళ విషయంలో ఇంకో చిక్కుంది. హెచ్1బీ మీద పదిహేనేళ్ళుగా గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నవాళ్ళు ఏటా వేల డాలర్ల ప్రాపర్టీ టాక్స్ కడతారు, స్కూల్ బోర్డుకి ఓటేయలేరు. పోనీ సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళు వేస్తారా అంటే, ప్రెసిడెంట్ ఎలక్షన్‌కి రాత్రంతా టీవీ చూస్తారు, మే నెలలో బోర్డు ఎలక్షన్ ఉందని చాలామందికి తెలియనే తెలియదు. ఛార్టర్లో అయితే సిటిజన్, హెచ్1బీ అందరూ సమానం, ఎవరికీ ఓటు లేదు! ఓటు లేకపోయినా ఐఎస్‌డీ మీటింగులో పేరు నమోదు చేసుకుని మైకు ముందు మాట్లాడొచ్చని, అక్కడ వీసా అడగరని ఎంతమందికి తెలుసు? పింకర్టన్ మూస్తామన్నప్పుడు తల్లిదండ్రులు చాలామంది వచ్చి మాట్లాడారు. స్కూలు ఆగలేదు, నిజమే. కానీ మూసేవాళ్ళు జనం ఎదురుగా కూర్చుని లెక్కలు చూపించి చేతులెత్తి మూయాల్సి వచ్చింది.

ఇంతకీ చదువు ఎక్కడ బాగుంటుంది? దేశవ్యాప్తంగా చూసిన వాటిల్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ క్రెడో కేంద్రం 2023లో ఇచ్చిన రిపోర్టు పెద్దది. ఛార్టర్ పిల్లలు ఏడాదిలో రీడింగ్‌లో 16 రోజులు, మ్యాథ్‌లో 6 రోజుల చదువుకి సమానంగా ముందున్నారని తేల్చింది. పెద్ద నగరాల్లోని నల్లజాతి, హిస్పానిక్ పేద పిల్లలకి లాభం అంతకంటే బాగా కనబడింది, ఆన్‌లైన్ ఛార్టర్లలో మాత్రం పిల్లలు ఘోరంగా వెనకబడ్డారు. సౌత్ డల్లస్‌లో ఒక తల్లి తన వీధి స్కూలు వద్దనుకుని ఛార్టర్ లాటరీ వేస్తే ఆమెని ఆగమని చెప్పే అర్హత నాకు లేదు. ఐఎస్‌డీలు ఆమెకి దశాబ్దాలు టైమిచ్చాయి, ఏం చేశాయి? కానీ మనం ఆ తల్లి కాదు. మనం ఉన్నది ఎనిమిదో తరగతిలోనే ఆల్జీబ్రా, హైస్కూల్లో ఏపీ, ఐబీ అనే కాలేజీ స్థాయి కోర్సులు అన్నీ ఉన్న డిస్ట్రిక్టుల్లో. మనం వెతికేది ఇంకో రెండడుగులు ముందుండే స్కూలు, నిజం చెప్పాలంటే విజయవాడలో మనం చదివిన కార్పొరేట్ కాలేజీ వాసన కొంచెం తగిలే స్కూలు. అది కోరుకోవడం నేరం కాదు, కానీ రెండు అవసరాలనీ ఒకే గాటన కట్టకండి.

ఐఎస్‌డీకి మనవల్ల జరిగే ఇంకో నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. టెక్సస్‌లో స్కూలుకి డబ్బిచ్చేది పేరు నమోదైన పిల్లల సంఖ్యని బట్టి కాదు, రోజువారీ హాజరు సగటుని బట్టి. ఇలా ఇచ్చే రాష్ట్రాలు దేశంలో కొన్నే. మనం డిసెంబరులో టికెట్లు చూసుకుని, సెలవులకి అటో వారం ఇటో రెండు వారాలు కలిపేసి, పెళ్ళి చూసుకుని, సంక్రాంతి కూడా అయ్యాక తీరిగ్గా వస్తాం. ఆ రోజులన్నీ స్కూలుకి సున్నా. మన కుటుంబాలు ఎక్కువున్న ఎలిమెంటరీల్లో జనవరి మొదటి వారం క్లాసులు చూస్తే సగం డెస్కులు ఖాళీ అని టీచర్లు నవ్వుతూనే చెబుతారు, జీతాల బడ్జెట్ వేసేవాళ్ళు మాత్రం నవ్వరు. నేను ఇండియా వెళ్ళొద్దనట్లేదు, అమ్మానాన్నల్ని చూడాలంటే ఇంకెప్పుడు వెళ్తాం. హాజరు బదులు ఎన్‌రోల్‌మెంట్‌ని బట్టి డబ్బివ్వాలని బిల్లులు వస్తూనే ఉన్నాయి, పాసవడం లేదు. వాటికి మద్దతుగా ఒక ఈమెయిల్ రాయడానికి ఐదు నిమిషాలు పట్టదు.

ఇప్పుడు దీనికి తోడు వోచర్లు వచ్చాయి. 2025 మేలో గవర్నర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం 2026-27నుంచి ప్రైవేట్ స్కూలు పిల్లలకి తలకి సుమారు 10 వేల డాలర్లు రాష్ట్రం ఇస్తుంది, మొదటి విడతకి వంద కోట్ల డాలర్లు పెట్టారు. పబ్లిక్ స్కూలుకి పునాది అంకె 6,215, ప్రైవేట్‌కి 10 వేలు అని కొందరు పోలుస్తున్నారు, ఆ పోలిక సరికాదు, పబ్లిక్ స్కూలుకి పునాది మీద ఇంకా చాలా కలుస్తాయి. కానీ ఛార్టర్‌కైనా లాటరీ ఉంది, రాష్ట్ర పరీక్ష స్టార్ ఉంది, గ్రేడింగ్ ఉంది. ప్రైవేట్ స్కూలు తనకి నచ్చిన పిల్లాడినే చేర్చుకోవచ్చు. మన గ్రూపులో అప్పుడే "వోచర్‌కి ఎలా అప్లై చేయాలి" అని లింకులు మొదలయ్యాయి.

మరి నువ్వేం చేశావు అని అడుగుతారు కదా. మావాడు ఐఎస్‌డీలోనే ఉన్నాడు. మా పక్కింటి వదినగారి పిల్లలు ఛార్టర్‌కి వెళ్తారు, ఆవిడ సంతోషంగా ఉంది, లెక్కల్లో మావాడికంటే ముందున్నారు కూడా. చేరే ముందు ఆవిడ అడిగిన ప్రశ్నలు మాత్రం నాకు భలే నచ్చాయి, అందరూ అడిగితే బాగుండు అనిపించింది. నిరుడు మీ టీచర్లలో ఎంతమంది మానేశారు? సర్టిఫికేషన్ ఉన్నవాళ్ళెంతమంది? (ఛార్టర్లలో చాలా సబ్జెక్టులకి అది తప్పనిసరి కాదు, డిగ్రీ చాలు. ఇప్పుడు చాలా ఐఎస్‌డీలు కూడా మినహాయింపులు తెచ్చుకున్నాయనుకోండి.) ఆరో తరగతిలో చేరినవాళ్ళలో పన్నెండు దాకా మిగిలేది ఎంతమంది? స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు ఎందరు, వాళ్ళకి థెరపిస్ట్ ఇక్కడే ఉంటారా? మీ బోర్డు మీటింగు ఎక్కడ, ఎప్పుడు?

చివరి ప్రశ్నకి ఫ్రంట్ డెస్క్ వాళ్ళ దగ్గర జవాబు లేదట, వెబ్‌సైట్ చూడమన్నారట. చట్టసభ మళ్ళీ 2027 జనవరిలో కూర్చుంటుంది, 140 రోజులు, హాజరు బిల్లు అప్పుడు మళ్ళీ వస్తుందని నా అంచనా. దాని వివరాలు తెలిశాక మళ్ళీ రాస్తా.